చెరువులో వేసిన చేప... గాలానికి పడాలంటే!

బొచ్చె చెరువులో పుట్టదు. శీలావతీ పుట్టదు. మోసూ అంతే. ఈ మూడూ అసలు నది చేపలు. వరద నీరు పారుతుంటే తప్ప గుడ్లు పెట్టవు. నిలవ నీళ్లలో ఎంత లావు పెరిగినా, కడుపు నిండా గుడ్లున్నా వాటికి అక్కడ సంతానం కలగదు. అంటే ఊరి చెరువులో సాయంత్రం పూట ఎగిరిపడే బొచ్చె ప్రతిదీ ఎవరో ఒకరు పిల్లగా కొని, తెచ్చి, అక్కడ వదిలిందే!

గాలం పట్టే వాళ్లలో చాలామంది ఈ సంగతి పట్టించుకోరు. నీళ్లున్న చోట చేపలుంటాయి, అదృష్టం బాగుంటే పడతాయి అనుకుంటారు. పొద్దుటి నుంచి గట్టు మీద కూర్చుంటే సాయంత్రానికి నాలుగు పరకలు దొరుకుతాయి. పక్కన కూర్చున్నాయన మాత్రం గంటలో కిలో చేపను ఒడ్డుకు లాగుతాడు. ఆయన చెయ్యి మంచిదని సరిపెట్టుకుంటారు. చెయ్యి కాదు... ఆ చేప ఎక్కడి నుంచి వచ్చిందో, ఏం తిని పెరిగిందో ఆయనకు తెలుసు. అదీ కిటుకు!

వచ్చినవి, వేసినవి

బాపట్ల నుంచి కొద్ది దూరంలోనే ఉంటుంది కర్లపాలెం. 2022 ఏప్రిల్ 4 దాకా గుంటూరు జిల్లా, ఆ రోజు నుంచి బాపట్ల జిల్లా. కృష్ణా పశ్చిమ డెల్టాకు ఇది చివరి కొస. విజయవాడ దగ్గర బయల్దేరిన కాలువ నీరు ఊళ్లన్నీ దాటుకుని ఇక్కడికి చేరాలి. సముద్రం దగ్గర కావడంతో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పు నీళ్లే. అందుకే ఇక్కడ చెరువంటే అలంకారం కాదు, అవసరం. కాలువలు కట్టేసే లోపు చెరువు నింపుకోవాలి, ఎండాకాలం దాంతోనే గడపాలి.

కాలువ నీరు తూము దాటి చెరువులోకి వచ్చేటప్పుడు ఒంటరిగా రాదు. జెల్లలు, పరకలు, గొరకలు, కొర్రమీను పిల్లలు వెంట వస్తాయి. ఇవి 'వచ్చిన' చేపలు. వీటికి ఎవరూ మేత వేయలేదు. పురుగునో, కప్పపిల్లనో, తమకన్నా చిన్న చేపనో వెతుక్కుని తినడం పుట్టుకతో వచ్చిన విద్య. అందుకే ఎర్ర గుచ్చి (వానపామును ఈ ప్రాంతంలో ఎర్ర అనే అంటారు) నీళ్లలో వేస్తే ముందుగా మూతి పెట్టేవి ఇవే.

బొచ్చె, శీలావతి, మోసు, గడ్డిచేప 'వేసిన' చేపలు. ఒకప్పుడు వీటి పిల్లల కోసం వరదల కాలంలో నదుల మీద పడి ఏరుకోవాల్సి వచ్చేది. ఏరిన దాంట్లో ఏ చేప పిల్ల ఎంత ఉందో కూడా తెలిసేది కాదు. 1957 జులై 10న ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి బృందం చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, చేపల చేత గుడ్లు పెట్టించింది. చెరువుల్లో చేపల పెంపకం మలుపు తిరిగింది ఆ రోజునే. ఏటా జులై 10ని జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుకొనేది అందుకే. గడ్డిచేప, వెండిచేప 1959లో మన దేశానికి వచ్చాయి. ఇప్పుడు చెరువుల్లో కనిపించే రకం బంగారుతీగ 1957లో బ్యాంకాక్ నుంచి వచ్చింది. వేసిన వాటిలో ఈ బంగారుతీగ ఒక్కటే చెరువులో తనంతట తాను పిల్లలు పెట్టేస్తుంది.

హేచరీ తొట్టిలో కళ్లు తెరిచి, నర్సరీ గుంటలో తవుడు, చెక్కపొడి తిని వేలెడు పొడవు పెరిగి, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో లారీ ఎక్కి వచ్చిన చేప అది. దాని అలవాట్లు వేరు. తిండి వేళకు వస్తుందని, ఫలానా చోటికే వస్తుందని దానికి తెలుసు. వచ్చిన చేపను వేటాడాలి... వేసిన చేపను పిలవాలి. తేడా అంతే!

ఇది మన దగ్గరే కాదు. చల్లటి దేశాల్లో సరస్సుల్లో ట్రౌట్ చేపను పెంచి వదులుతారు. అవి కూడా హేచరీలో గుళికల మేత తిని పెరిగినవే. నీటిలో వదిలిన కొత్తల్లో ఈగల కంటే, పురుగుల కంటే గుళికలా కనిపించే ఎరకే అవి త్వరగా పడతాయని అక్కడి గాలం రాయుళ్లు చెబుతారు. ట్రౌట్‌కి చల్లటి నీరు కావాలి. 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇబ్బంది పడుతుంది. అందుకే మన దేశంలో అది కశ్మీరు, హిమాచల్, నీలగిరి, మున్నారు వంటి కొండ ప్రాంతాలకే పరిమితం. కశ్మీరుకు 1900లో స్కాట్లాండు నుంచి గుడ్లు తెప్పించారు. మన ఎండలకు బతికే చేపలు మనవే. కానీ వాటిని పట్టే సూత్రం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే... ఏం పెట్టి పెంచారో అదే పెట్టు!

మూడంతస్తుల మేడ

చెరువును మూడంతస్తుల మేడ అనుకుంటే వేసిన చేపలు తలా ఒక అంతస్తులో కాపురం ఉంటాయి. ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డు రాకుండా ఉండాలనే వాటిని కలిపి పెంచుతారు.

పై అంతస్తు బొచ్చెది. పెద్ద తల, పైకి తిరిగిన నోరు, మీసాలు ఉండవు. నీటి పై పొరలో తేలే సన్నటి పురుగుల్ని నీళ్లతో సహా పీల్చుకుని తింటుంది. మధ్య అంతస్తు శీలావతిది. కొన్ని ఊళ్లలో రాగండి అంటారు. పెదవి అంచున కుచ్చులా ఉంటుంది. నాచు, కుళ్లిన ఆకులు గీరుకుని తింటుంది. కింది అంతస్తు మోసుది. నోరు కిందికి తిరిగి ఉంటుంది. అడుగున పేరుకున్న చెత్త, బురదలోని మేత దీని భోజనం. బంగారుతీగ కూడా అడుగునే ఉంటుంది కానీ మోసులా నెమ్మదస్తురాలు కాదు. మీసాలతో తడిమి, మూతితో మట్టి పెళ్లగించి పురుగుల్ని తింటుంది. గట్టు వార నీరు ఉన్నట్టుండి బురదగా మారి, సన్నటి బుడగలు వరసగా లేస్తుంటే అక్కడ అది పనిలో ఉందని గుర్తు.

గడ్డిచేప పేరులోనే ఉంది. గట్టు మీద నుంచి నీళ్లలోకి వాలిన గడ్డి ఊగిపోతుంటే అక్కడ చూడాలి. వెండిచేప నీటిని వడకట్టుకుని తింటుంది. గాలానికి పడటం అరుదు, దానికోసం కూర్చోవడం కాలం వృథా.

కాబట్టి గాలం వేసే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఇక్కడ చేపలున్నాయా' కాదు, 'ఇక్కడ ఏం వేశారు' అని. బొచ్చె ఎక్కువ వేసిన చెరువులో ఎరను అడుగుకు దించి కూర్చుంటే రోజంతా కూర్చున్నా ప్రయోజనం ఉండదు. మోసు ఉన్న చోట ఎర పైన తేలితే దాని దారిన అది పోతుంది.

తవుడు సంచి నేర్పే పాఠం

ఆంధ్రా చేపల చెరువుల్లో ఒక పద్ధతి కనిపిస్తుంది. తవుడు, నూనె తీసిన చెక్క కలిపి ప్లాస్టిక్ సంచుల్లో నింపి, కింది భాగంలో చిన్న చిన్న రంధ్రాలు చేస్తారు. ఆ సంచుల్ని కర్రలకో, చెరువుకు అడ్డంగా కట్టిన తాడుకో వేలాడదీస్తారు. మొదట్లో చేపలకు సంగతి తెలియదు. కొన్నాళ్లకే పసిగడతాయి. సంచి దిగే వేళకు వచ్చి చేరతాయి. మూతితో పొడుస్తుంటే రంధ్రాల్లోంచి మేత రాలుతుంది. ఎంత కావాలో అంత తింటాయి, మేత వృథా కాదు. చేపపిల్లకు ఈత నేర్పక్కర్లేదు గానీ, భోజనం వేళ నేర్పవచ్చు!

మేత వేసి పెంచని ఊరి చెరువుల్లోనూ ఇదే జరుగుతుంది. అక్కడ సంచులు ఉండవు, రేవు ఉంటుంది. అన్నం గిన్నెలు కడిగే చోట మెతుకులు నీళ్లలో పడతాయి. పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకసారి. ఆ వేళకు చేపలు అక్కడికి అలవాటు పడతాయి. గేదెలు దిగే చోట బురద కలిగి అడుగున ఉన్న పురుగులు పైకి లేస్తాయి. గేదెలు వెళ్లిపోయిన పావుగంటకు అక్కడ బంగారుతీగ తిరుగుతుంటుంది. గుడి కోనేటిలో మరమరాలు వేసే మెట్టు దగ్గరే చేపలన్నీ మూగడం అందరూ చూసిందే. కోనేటిలో గాలం వేయకూడదు. కానీ చేప ఎంత త్వరగా అలవాటు పడుతుందో చూడాలంటే అంతకంటే మంచి బడి లేదు.

రేవు లేని చోట అలవాటు మనమే చేయాలి. తవుడు, చెక్కపొడి, కాస్త గట్టు మట్టి కలిపి తడిపి నిమ్మకాయంత ఉండలు చేయాలి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట నాలుగైదు ఉండలు. మూడు రోజులు ఇలా చేసి నాలుగో రోజు గాలం వేస్తే తేడా తెలుస్తుంది. ఎక్కువ వేస్తే మాత్రం మొదటికే మోసం. కడుపు నిండిన చేప ఎర వంక చూడదు. తినని మేత కుళ్లి నీటిని పాడుచేస్తుంది.

ఒక్క మాట. తాగునీటి చెరువైతే ఈ ఉండల మాటే తలపెట్టకూడదు. మేతే కాదు, గాలం కూడా వద్దు. ఊరంతా ఎండాకాలం తాగే నీళ్లవి. గాలం సరదా తీర్చుకోవడానికి ఊళ్లో వేరే చెరువు ఉంటుంది.

వంటింట్లోనే ఎర

వేసిన చేపకు ఎర్ర కంటే పిండి ముద్ద మంచి ఎర. ఎర్ర వేస్తే జెల్లలూ పరకలూ ముందుగా ఎగబడతాయి, అసలు చేప దగ్గరికి వచ్చే సరికి ముల్లు ఖాళీ. బంగారుతీగకు మాత్రం ఎర్ర అన్నా ఇష్టమే.

పిండి ముద్దకు రెండు పాళ్లు గోధుమ పిండి, ఒక పాలు వేరుశెనగ చెక్కపొడి, అరపాలు మెత్తటి తవుడు. తవుడు ఎక్కువైతే ముద్ద నీళ్లలో పడగానే విడిపోతుంది. కొద్దిగా మెంతిపొడి గానీ సోంపు పొడి గానీ కలిపితే వాసన పట్టుకుంటుంది. చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి. చెవి తమ్మెంత మెత్తగా ఉంటే సరైన పాకం. నీళ్లలో వేస్తే పది నిమిషాలు నిలవాలి, కానీ చేప పెదవికి తగలగానే నలగాలి. చేపకు దవడల్లో పళ్లుండవు, నమిలే పళ్లు గొంతులో ఉంటాయి. కాబట్టి ముందుగా పెదవితో తడిమి మెత్తగా ఉందో లేదో చూసుకుంటుంది. రాయిలాంటి ముద్దను వెంటనే వదిలేస్తుంది.

బొచ్చెకు ముద్ద వదులుగా, నీళ్లలో కొంచెం కొంచెంగా కరిగి పొగలా పరుచుకునేలా ఉండాలి. శీలావతికి శెనగగింజ కంటే కాస్త పెద్ద ముద్ద చాలు. మోసుకు, బంగారుతీగకు బాగా గట్టి ముద్ద. వరి తర్వాత మొక్కజొన్న వేసే ఊళ్లలో ఇంకో తేలిక ఎర ఉంది. ఎండు గింజల్ని రాత్రంతా నానబెట్టి, గోరు దిగేలా ఉడికించి గుచ్చితే బంగారుతీగ, గడ్డిచేప రెండూ పడతాయి. పరకలు పీక్కుపోలేకపోవడం అదనపు లాభం.

ఈ మధ్య చెరువుల్లో పెంచే రూప్‌చంద్ సంగతి వేరు. ఏది వేసినా తింటుంది. దానికి మనిషి పళ్లలాంటి గట్టి పళ్లుంటాయి. సన్నటి దారాన్ని కొరికేస్తుంది. పట్టుకున్నాక నోట్లో వేలు పెట్టకపోవడం మంచిది!

సరంజామా సాదాగా

వెదురు కర్రయితే తొమ్మిది పది అడుగులది, కొస సన్నగా వంగేది చూసుకోవాలి. చక్రం ఉన్న కొత్త రకం గాలపు కర్ర ఉంటే దూరంగా విసరవచ్చు కానీ ఊరి చెరువుకు అంత అవసరం లేదు. చేపలు చాలామటుకు గట్టుకు పదిహేను ఇరవై అడుగుల లోపే మేతకు వస్తాయి. పావు మిల్లీమీటరు నుంచి 0.30 మిల్లీమీటర్ల మందం ఉన్న నైలాన్ దారం కిలో, రెండు కిలోల చేపకు చాలు. మోకులాంటి దారం వేస్తే చేప దగ్గరికే రాదు.

ముల్లు కొనేటప్పుడు చాలామంది పొరపడే సంగతొకటుంది. నంబరు పెరిగే కొద్దీ ముల్లు చిన్నదవుతుంది. పిండి ముద్దకు 8 లేదా 10 నంబరు, మొక్కజొన్న గింజకు 6. ముల్లు మొన గోటి మీద ఆనిస్తే జారకుండా నిలవాలి. జారితే అది మొద్దుబారినట్టే, మార్చేయాలి.

బెండు ఎంత తేలికగా ఉంటే అంత మంచిది. జీలుగు బెండు ముక్క, నెమలీక కాడ... రెండూ ఖర్చు లేనివి, రెండూ బజారు సరుకు కంటే చురుకైనవి. బెండు నీటిపైన వేలెడు మాత్రమే కనిపించేలా కింద సీసపు గుండు కట్టాలి. ఎక్కువ తేలితే చేప లాగినప్పుడు దానికి బరువు తెలుస్తుంది, వదిలేస్తుంది.

లోతు కొలవడం ముఖ్యం. ముల్లుకు కాస్త బరువైన సీసం తగిలించి వేయాలి. బెండు మునిగిపోతే దారం పొట్టిగా ఉన్నట్టు, పడుకుంటే పొడవైనట్టు. నిటారుగా నిలిచి కొస కనిపిస్తే అదే చెరువు లోతు. మోసు, బంగారుతీగ కోసం ఆ కొలత అలాగే ఉంచాలి. శీలావతికి సగానికి తగ్గించాలి. బొచ్చెకు రెండు, మూడు అడుగులు చాలు.

ఎండాకాలం ఉత్తరపు గట్టు

వేళ తెలియకపోతే ఎర ఎంత మంచిదైనా దండగే. వేసవిలో పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడే దాకా మంచి సమయం. చలికాలంలో దీనికి తిరకాసు. నీరు చల్లగా ఉంటే చేప తిండి తగ్గిస్తుంది, ఎండ కాస్త ముదిరాక పదకొండు గంటల నుంచి మూడు దాకా కూర్చోవాలి.

ముసురు పట్టిన రోజు తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే 'అబ్బ, ఎన్ని చేపలో' అని గాలం వేసే వాళ్లుంటారు. అది ఆకలి కాదు, ఊపిరాడని అవస్థ. పగలు ఎండకు నీటిలోని నాచు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు దాన్ని వాడుకుంటుంది. మబ్బు పట్టిన మర్నాడు తెల్లారేసరికి నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. ఆ సమయంలో చేప ఏమీ తినదు. చేయాల్సింది గాలం వేయడం కాదు, చెరువు పాడుకున్న వాళ్లకు కబురు చేయడం. వేళకు తెలిస్తే వాళ్లు కొత్త నీరు పెట్టించో, నీటిని కలియబెట్టించో ఏడాది పంటను దక్కించుకుంటారు.

చోటు విషయానికొస్తే గాలిని చూడాలి. వేసవి మధ్యాహ్నాలు సముద్రం వైపు నుంచి పైరగాలి వీస్తుంది. నీటి మీద తేలే నాచు, పురుగులు ఆ గాలికి ఉత్తరపు గట్టు వైపు కొట్టుకుపోతాయి. వాటి వెంట బొచ్చె కూడా అటే పోతుంది. దక్షిణపు గట్టున చెట్టు నీడ ఉందని అక్కడ చతికిలబడితే హాయిగా ఉంటుంది కానీ చేప ఉండదు! కాలువ నీరు పెడుతున్న రోజైతే తూము దగ్గర కొత్త నీరు పడే చోటికి ఓ పది అడుగుల ఇవతల మంచి చోటు.

బెండు చెప్పే కబుర్లు

బెండు ఒకచోట వణికి వణికి ఆగిపోతుంటే పరకలు ఎరను కొరుకుతున్నట్టు. వాటికి కర్ర లేపి లాభం లేదు. రెండుసార్లు తల ఊపి, నెమ్మదిగా పక్కకు జారుతూ మునిగితే శీలావతి. నిలబడ్డ బెండు ఉన్నట్టుండి పైకి లేచి నీటి మీద పడుకుంటే అడుగున మోసో, బంగారుతీగో ఎరను నోట పెట్టి తల పైకెత్తినట్టు. బొచ్చె అంత హడావుడి చేయదు. పీల్చుకుంటుంది కాబట్టి బెండు అంగుళం దిగి ఒక్క క్షణం ఆగుతుంది. అంతే. అదే సమయం.

కర్రను ఈడ్చి కొట్టడం చాలామంది చేసే పని. పెదవి మెత్తన, చిరిగిపోతుంది. మణికట్టుతో జానెడు లేపితే చాలు, ముల్లు దిగుతుంది. తర్వాత తొందర పనికిరాదు. కర్ర నిటారుగా ఎత్తి పట్టుకుని చేప లాగినప్పుడు వదలాలి, ఆగినప్పుడు లాగాలి. ఒడ్డు చూడగానే చేప చివరిసారి బలమంతా పెట్టి తిరగబడుతుంది, దారం తెగేది అప్పుడే. కర్రకు బిగించిన బుట్ట వల ముందే నీళ్లలో ముంచి ఉంచి, చేపను దాని మీదికి నడిపించి పైకెత్తాలి.

అరకిలో లేని పిల్ల పడితే వదిలేయడమే మర్యాద. బొచ్చె మొదటి ఏడాదిలోనే కిలో దాటగలదు. ఇవాళ పులుసులో రెండు ముక్కలు కాలేనిది రేపు ఇంటిల్లిపాదికీ కూరవుతుంది. వదిలేటప్పుడు చేతులు తడుపుకోవాలి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి, వదిలినా రోగం వచ్చి చస్తుంది. వానాకాలంలో కొర్రమీను జంట ఎర్రటి పిల్లల గుంపు వెంట కాపలా తిరుగుతుంటుంది. ఆ సమయంలో దాన్ని పట్టడం తేలిక, పిల్లల దగ్గరికి ఏది వచ్చినా మీద పడుతుంది. తల్లినో తండ్రినో పట్టేస్తే ఆ గుంపు గుంపంతా మిగతా చేపల నోట్లో పడుతుంది. ఆ తేలిక వేట వద్దు.

గట్టు మీద లెక్క

గాలం వేసే ముందు చేయాల్సిన పనిని చివర్లో చెప్పడానికి కారణముంది. ఇది మిగతా అన్నింటికంటే ఎక్కువ గుర్తుండాలి.

చెరువులో బొచ్చె పుట్టలేదు, ఎవరో వేశారు. మత్స్యకారుల సహకార సంఘం కావచ్చు, పంచాయతీ వేలంలో పాడుకున్న వాళ్లు కావచ్చు. పాట డబ్బు కట్టారు, పిల్లను కొన్నారు, మేత వేశారు, రాత్రుళ్లు కాపలా ఉన్నారు. ఏడాది చివర పట్టుబడి రోజు వల లాగితే వచ్చేదే వాళ్ల రాబడి. 'ఒక్క గాలమేగా, ఏం తరిగిపోతుంది' అనిపిస్తుంది. లెక్క వేద్దాం. ఆదివారం ఆదివారం పదిమంది గాలాలు వేస్తే, తలా ఒక కిలో పట్టుకుపోతే, నెలకు 40 కిలోలు. ఎనిమిది నెలలకు 320 కిలోలు. చిన్న చెరువు పాడుకున్న వాడికి అది లాభమో నష్టమో తేల్చే బరువు. వరి చేలో పదిమంది తలా ఒక పనలు కట్ట ఎత్తుకుపోతే ఊరుకుంటామా? నీళ్ల కింద ఉంది కాబట్టి కనిపించదు, అంతే తేడా.

అడిగితే కాదనే వాళ్లు తక్కువ. "బాబాయ్, రెండు గంటలు గాలం వేసుకుంటాను, పడింది తూకం వేయించి డబ్బిచ్చి తీసుకెళ్తాను" అంటే, "వేసుకో అబ్బాయ్, అటు పక్క గట్టు మీద కూర్చో, మొన్నే పిల్ల వేశాం, ఇటు వద్దు" అని చోటు కూడా చూపిస్తారు. ఎక్కడ పిల్ల వేశారో, ఎక్కడ పెద్ద చేప తిరుగుతోందో వాళ్లకంటే తెలిసిన వాళ్లెవరు? డబ్బు ఇవ్వడం మర్యాదే కాదు, ఏ పుస్తకంలోనూ దొరకని సలహాకు చెల్లింపు కూడా.

మృగశిర కార్తె ముందు రోజుల్లో మరీ జాగ్రత్త. జూన్ మొదటి వారం దాటగానే కార్తె వస్తుంది, ఆ రోజు చేప తినాలన్న ఆనవాయితీతో ధర పెరుగుతుంది. చెరువు పాడుకున్న వాళ్లు ఎదురు చూసేది ఆ ధర కోసమే. ఆ వారం గాలం ఇంట్లో పెట్టి, చేప బజార్లో కొనుక్కోవడం ఉత్తమం.

ఇక మందు పెట్టి, టపాకాయ పేల్చి చేప పట్టడం గురించి... 1897 నాటి మత్స్య చట్టమే దాన్ని నేరమంది. పెద్ద చేపతో పాటు పిల్ల, కప్ప, నత్త అన్నీ చస్తాయి. ఆ నీరు తాగిన గేదె పని కూడా అంతే.

తిరిగి వెళ్లేటప్పుడు గట్టు మీద ఒక్క ముల్లు, ఒక్క మూర దారం మిగలకూడదు. మేతకొచ్చిన గేదె గడ్డితో పాటు ముల్లు మింగినా, కొంగ కాలికి నైలాన్ దారం చుట్టుకున్నా వాటికి విడిపించుకునే దారి లేదు.

పిల్లల్ని తీసుకెళ్తే కంటి ముందే ఉంచుకోవాలి. మట్టి తవ్విన చెరువుల్లో గట్టు దిగగానే మోకాలి లోతు ఉంటుంది, ఇంకో అడుగు వేస్తే నిలువు లోతు. చెరువు ఎండినప్పుడు ఒకసారి నడిచి చూస్తే ఆ గోతులెక్కడున్నాయో తెలుస్తుంది. కరెంటు తీగల కింద గాలపు కర్ర ఎత్తకూడదు. తడిసిన వెదురు, కార్బన్ కర్ర రెండింటిలోనూ కరెంటు పారుతుంది. ఉరుము వినబడితే సామాను సర్దేయాలి.

ఇంత చేసినా కొన్ని రోజులు ఖాళీ సంచితోనే ఇంటికి రావాలి. ఫరవాలేదు. చేప ఏం తింటోందో, ఎక్కడ తింటోందో ఒక సాయంత్రం చూసి వచ్చినా అది వచ్చే ఆదివారానికి పనికొచ్చే పెట్టుబడే. చెరువు పాడుకున్నాయన ఏడాది ఆగుతాడు. గాలం వేసిన వాళ్లు వారం ఆగలేరా?